గోడ దాటి వచ్చే తుమ్మెద

గరివిడిలోని మా పెద్ద ఆపా ఇంటి పెరట్లో ఒక మునగచెట్టు ఉన్నది. ఆపా కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో అత్తగారు నాటిన కొమ్మ అది. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో చెట్టంతా తెల్లని పూత వచ్చేది. ఎండలు ముదిరే నాటికి కాయలు జడల్లా వేలాడేవి. ఇంటికి సరిపోగా మిగిలినవి ఇరుగుపొరుగు వారికి వెళ్లేవి. బంధువుల ఇళ్లలో వలీమా జరిగితే దాల్చాలోకి మునక్కాడలు ఆపా ఇంటి నుంచే రావాలన్నది ఒక ఆనవాయితీగా మారింది.

గత రెండేళ్లుగా ఆ చెట్టుకు పూత తగ్గలేదు గానీ కాత తగ్గిపోయింది. తెల్లారేసరికి నేలంతా రాలిన పూలు పరచుకొని ఉంటున్నాయి. కొమ్మలకు మాత్రం అక్కడొకటి, ఇక్కడొకటి కాయ కనిపిస్తున్నది. మొన్న పూతల కాలంలో మేము గరివిడి వెళ్లినప్పుడు దూల్హాభాయ్ రెండు నిర్ణయాలు తీసుకొని ఉన్నారు. ఒకటి, చెట్టును కొట్టించి ఆ చోట సిమెంటు చేయించి మోటారుసైకిళ్లు నిలుపుకోవడం. రెండవది, వరండా దూలానికి గుండ్రటి రంధ్రాలు తొలుస్తున్న నల్లని పెద్ద తుమ్మెదలను మందు పోసి చంపడం. ఈ రెండింటికీ పరస్పర సంబంధం ఉన్నదని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. నిజం చెప్పాలంటే మొదట మాకూ తోచలేదు.

"పది రోజులు ఆగండి భాయ్! చెట్టు మీదికి ఎవరు వస్తున్నారో ఒకసారి చూద్దాం" అని మేము బతిమాలాము. "చెట్టు మీదికి ఎవరొస్తారు? కాకులొస్తాయి" అని ఆయన నవ్వారు. అయినా ఆగారు.

మునగపూలను గురించి మన ప్రాంతంలోనే లోతైన పరిశీలన జరిగిన సంగతి చాలామందికి తెలియదు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.వి. జ్యోతి, జె.బి. ఆట్లూరి, సి. సుబ్బారెడ్డి అనే శాస్త్రజ్ఞులు మునగలో పరాగ సంపర్కం ఎలా జరుగుతుందో పరిశీలించి 1990లో ఒక వ్యాసం ప్రచురించారు. పువ్వులోని పుప్పొడి కీలాగ్రాన్ని చేరడాన్నే పరాగ సంపర్కం అంటాము. అది జరిగితేనే పిందె కడుతుంది. మునగచెట్టు ఏడాదిలో రెండు విడతలు పూస్తుందనీ, పుప్పొడిని మోసే పని చేసేది ముఖ్యంగా ఈగల జాతులనీ, వాటిలో పెద్ద తుమ్మెదల పాత్ర గొప్పదనీ వారు గుర్తించారు. మనకు ఎక్కువగా పనికివచ్చే సంగతి మరొకటి ఉన్నది. ఒక మునగపువ్వు తన చెట్టు పుప్పొడితోనైనా కాయ కాయగలదు. అయితే వేరొక మునగచెట్టు పుప్పొడి అందినప్పుడు కాయలు ఎక్కువగా నిలుస్తాయి.

తుమ్మెద అనగానే మనకు కవుల తుమ్మెద గుర్తుకు వస్తుంది. ఇక్కడ చెబుతున్నది మన వాసాల్లో, ఎండిన వెదురు బొంగుల్లో ఇల్లు కట్టుకొనే నల్లని బొద్దు ఈగను గురించి. ఆడ తుమ్మెద తన దవడలతో చెక్కను తొలుస్తుంది గానీ చెదపురుగులా చెక్కను తినదు. తొలిచిన గొట్టంలో పుప్పొడి, మకరందం కలిపి ఒక ముద్ద చేసి పెడుతుంది. దాని మీద గుడ్డు పెట్టి చెక్కపొట్టుతో అడ్డుగోడ కడుతుంది. ఆ తరువాత మరొక గది మొదలుపెడుతుంది. మన ముఖం ముందు నిలబడి రొద చేసే మగ తుమ్మెదకు కుట్టే ముల్లే లేదు. ఆడదానికి ముల్లు ఉన్నా, చేతితో పట్టుకొని నలిపితే తప్ప సాధారణంగా కుట్టదు.

ఈ తుమ్మెదలకు తేనెటీగలకు లేని నేర్పు ఒకటి ఉన్నది. వంకాయ, టమాటా పూలలో పుప్పొడి చిన్న రంధ్రాలున్న గొట్టాల్లో దాగి ఉంటుంది. తుమ్మెద ఆ పువ్వును గట్టిగా పట్టుకొని రెక్కల కండరాలతో తన ఒంటిని కంపింపజేస్తుంది. ఉప్పుబుడ్డిని కుదిపినట్లు పుప్పొడి జలజల రాలుతుంది. తేనెటీగ ఈ పని చేయలేదు. పొట్ట మీద నీలిచారలున్న చిన్న ఈగ ఒకటి చేయగలదు. అది మట్టి నేలలోనూ మట్టిగోడల్లోనూ గూడు పెట్టుకొంటుంది. పెరడంతా సిమెంటు పరిస్తే దానికి తలుపు మూసినట్లే.

ఇక లెక్క మొదలైంది. బ్రిటన్‌లో 2017 నుంచి సామాన్య పౌరులు తమ తోటల్లో ఒక సులభమైన లెక్క చేస్తున్నారు. అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న జాగాలో ఒక పూలమొక్కను ఎంచుకొని, 10 నిమిషాలపాటు దానిపై వాలిన కీటకాలను రకాలవారీగా రాసుకొంటారు. మా మేనకోడలు ఒక పాత నోటుబుక్కు తెచ్చి గళ్లు గీసింది. ఫజ్ర్ నమాజు తరువాత వెలుగు రాగానే ఒకసారి, ఎండ ఎక్కిన తరువాత ఒకసారి, అస్ర్ తరువాత ఒకసారి లెక్కించాము. మేడ మెట్ల మీద కూర్చొంటే చేతికి అందేంత దగ్గరలో ఒక పూలకొమ్మ ఉండటం కలిసివచ్చింది.

మూడు రోజులకే ఇంటిల్లిపాదికీ ఆసక్తి పుట్టింది. కాకులు తప్ప ఎవరూ రారన్న దూల్హాభాయ్ నాలుగవ రోజున తానే చాయ్ గ్లాసు పట్టుకొని మెట్ల మీద కూర్చొన్నారు. తేనెటీగలు గుంపుగా వచ్చి ఎక్కువసేపు ఉండేవి. చీమ తలంత ఉండే నల్లని, కుట్టని ఈగలు వచ్చేవి. తుమ్మెదలు అన్నింటికంటే తక్కువగా వచ్చేవి గానీ, వచ్చినప్పుడు పువ్వులోకి బలంగా దూరి, ఒళ్లంతా పుప్పొడి పూసుకొని బయటికి వచ్చేవి. సన్నని ఈగలు పక్కనుంచి మకరందం తాగి, కేసరాలను తాకకుండానే వెళ్లిపోవడం కూడా కళ్లారా చూశాము. పువ్వు మీద వాలిన ప్రతిదీ పువ్వుకు మేలు చేస్తుందనుకోవడం పొరపాటని పిల్లలకు అప్పుడు తెలిసింది.

తుమ్మెదలు ఎటు నుంచి వస్తున్నాయో కనిపెట్టింది కూడా మేనకోడలే. "అమ్మీ, ఇవి మన వరండా దూలంలోవే!" అని అరిచింది. దూల్హాభాయ్ ఏమీ మాట్లాడలేదు. అటకమీది మందుసీసా ఆ సాయంత్రం దుకాణానికి తిరిగి వెళ్లిపోయింది.

మరి తుమ్మెదలు ఉన్నాయి, పూలు ఉన్నాయి, కాయలెందుకు లేవు? మేము 1990 నాటి వ్యాసం సంగతి చెప్పి, "వేరే మునగచెట్టు పుప్పొడి కావాలి. దగ్గరలో మరొక చెట్టు ఉన్నదా?" అని అడిగాము. గదిలో ఎవరూ పలకలేదు. కాసేపటికి ఆపా తలవంచుకొని, "ఉండేది" అన్నది.

గోడ అవతల పిన్నిగారి పెరట్లో ఒక మునగచెట్టు ఉండేదట. మూడేళ్ల క్రితం వానాకాలంలో దానికి గొంగళిపురుగులు పట్టాయి. మునగ గొంగళ్లు పగలు మాను మీద గుంపుగా అతుక్కొని ఉండి, రాత్రి ఆకులు తింటాయి. వాటి నూగు తగిలితే ఒళ్లు దద్దుర్లు లేస్తుంది. అవి గోడ దాటి ఇటు వచ్చాయి. ఆపా చిన్నకొడుకుకు ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. ఆ కోపంలో ఆపా గోడ దగ్గర నిలబడి నాలుగు మాటలు అన్నది. పిన్నిగారు మారు మాట్లాడకుండా మర్నాడే మనిషిని పిలిపించి చెట్టు కొట్టించారు. అప్పటి నుంచి రెండిళ్ల మధ్య పలకరింపు ఉన్నది గానీ, వెనుకటి చనువు లేదు. పండుగ నాడు గోడ మీదుగా చేతులు మారే గిన్నెలూ ఆగిపోయాయి.

ఆ చెట్టు పోయిన మరుసటి ఏడాదే ఆపా చెట్టుకు కాత తగ్గింది. గొంగళిపురుగు గోడ దాటి రావడం అందరికీ కనిపించింది. తుమ్మెద గోడ దాటి వచ్చి తెచ్చిన పుప్పొడి ఎవరికీ కనిపించలేదు.

అయినా అనుమానంతో ఒకరి మీద తీర్పు చెప్పకూడదు. అందుకని ఒక చిన్న పరీక్ష చేశాము. స్టేషన్ వైపున ఉన్న ఒక పరిచయస్తుల ఇంటి మునగచెట్టు నుంచి అప్పుడే విచ్చిన పూలు తెచ్చాము. వాటి పుప్పొడిని ఆపా చెట్టులోని కొన్ని పూల కీలాగ్రాలకు వరుసగా రెండు రోజులు సున్నితంగా రాసి, తొడిమలకు ఎర్రదారం కట్టాము. అన్నే పూలకు ఆపా చెట్టు పుప్పొడినే రాసి తెల్లదారం కట్టాము. మేము తిరిగి వచ్చిన తరువాత మేనకోడలు ఫోనులో ఫలితం చెప్పింది. ఎర్రదారాల్లో నిలిచిన పిందెలు తెల్లదారాల్లో నిలిచిన వాటికంటే స్పష్టంగా ఎక్కువ. ఒక్క చెట్టు మీద, ఒక్క పూతలో చేసిన పరీక్ష అన్నింటికీ రుజువు కాదు. ఎండ, వాన, నేల బలం కూడా కాతను మారుస్తాయి. ఎంత మంచి చెట్టుకైనా పూసిన పూలలో చాలావరకు రాలిపోవడం సహజం. అయితే శాస్త్రజ్ఞులు చెప్పిన దానికీ, ఆపా పెరట్లో కనిపించిన దానికీ పొత్తు కుదిరింది.

తుమ్మెద దూరం ఎగరగలదు కదా, స్టేషన్ వైపు చెట్టు నుంచి పుప్పొడి తేకూడదా అని దూల్హాభాయ్ అడిగారు. మంచి ప్రశ్న. తేకూడదని ఏమీ లేదు. కానీ ఎదుటనే నిండుగా పూసిన చెట్టు ఉంటే తుమ్మెద ఎక్కువసేపు దాని మీదనే తిరుగుతుంది. పక్క పెరట్లో మరొకటి ఉంటే రెండింటి మధ్యా రాకపోకలు సాగిస్తుంది. పొరుగు చెట్టు విలువ ఆ కొద్దిపాటి దూరంలోనే ఉన్నది.

ఇక్కడ ఒక ప్రసిద్ధ హదీసు మనకు గుర్తుకు రావాలి. మదీనాలో రైతులు మగ ఖర్జూర చెట్టు పూగుత్తిని తెచ్చి ఆడ చెట్టు పూలకు అంటించేవారు. ఖర్జూరంలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. దైవప్రవక్త (స) ఆ పని చూసి, దానివల్ల ప్రయోజనం ఉంటుందని తాను అనుకోవడం లేదన్నారు. ఆ మాట విని వారు మానుకొన్నారు. ఆ ఏడాది కాత తగ్గింది. సంగతి తెలిసినప్పుడు ఆయన, ఇటువంటి ప్రాపంచిక వ్యవహారాల్లో అనుభవం గలవారి తెలివిడికే విలువనిచ్చారు. సహీహ్ ముస్లింలో నమోదైన ఈ ఉదంతాన్ని మనం ఎన్నోసార్లు విన్నాము. అందులో మనం గమనించని ఒక చిన్న విషయం ఉన్నది. కాత తగ్గినప్పుడు దేనివల్ల తగ్గిందో మదీనా రైతులకు తెలిసింది. ఎందుకంటే తాము ఏ పని మానుకొన్నారో వారికి గుర్తున్నది. మనకో, మనం ఏది పోగొట్టుకొన్నామో కూడా తెలియదు. దాన్ని మన కోసం ఏ జీతమూ అడగకుండా ఒక తుమ్మెద చేస్తూ వచ్చింది గనుక.

తేనెటీగ పేరిట ఖుర్ఆన్‌లో ఒక సూరా ఉన్నది. చంపవద్దని ప్రవక్త (స) వారించిన ప్రాణులలో తేనెటీగ ఒకటి అని అబూదావూద్ గ్రంథంలోని హదీసు తెలుపుతున్నది. మనం దాని తేనెను గురించి ఎంతగానో చెప్పుకొంటాము. మన కూరగిన్నెలోకి అది చేర్చే కాయలను గురించి అంతగా చెప్పుకోము.

ఆపా ఏం చేసిందో చెప్పాలి. మొదట తన చెట్టు కొమ్మనే ఒకటి నరికి పిన్నిగారికి ఇద్దామనుకొన్నది. మునగ కొమ్మ నాటితే చెట్టవుతుంది కదా! కానీ ఆ కొమ్మ ఆపా చెట్టులోని భాగమే. అది ఎక్కడ పెరిగినా అదే చెట్టు కింద లెక్క. దాని పుప్పొడి ఆపా చెట్టుకు పరాయిది కాదు. అందుకని స్టేషన్ వైపు ఇంటివారిని అడిగి, తొలకరి జల్లు పడిన తరువాత ఒక లావుపాటి కొమ్మ తెప్పించింది. ఆ కొమ్మనూ, ఒక గిన్నె సేమ్యాల ఖీర్‌నూ పట్టుకొని వీధి గుమ్మం నుంచే పిన్నిగారి ఇంటికి వెళ్లింది. గోడ మీదుగా మాట్లాడే మాట కాదది.

"ఆ రోజు నేను తొందరపడి మాట్లాడాను పిన్నిగారూ, క్షమించండి" అన్నదట. ఆమె కొమ్మ వంక, ఆపా వంక చూసి, "మల్లీ గొంగళ్లొస్తే నువ్వే కదేటమ్మా తిడతావు" అన్నారట. ఆ మాట నిజమే. క్షమాపణ చెప్పినంత మాత్రాన గొంగళ్లు రాకుండా పోవు. ఆపా అందుకు సిద్ధపడే వెళ్లింది. పురుగులు పగలు మాను మీద జట్టుగా చేరినప్పుడు, చేతులకు గుడ్డ చుట్టుకొని పొడవాటి పుల్లతో సబ్బునీళ్ల బకెట్‌లోకి రాల్చేస్తే సరిపోతుంది. ఆ పనికి తన పెద్దకొడుకును పంపుతాననీ, పూత ఉన్నంతకాలం రెండిళ్లలోనూ చెట్టు మీద మందు చల్లవద్దనీ చెప్పింది. పిన్నిగారు వెంటనే ఒప్పుకోలేదు. నాలుగు రోజుల తరువాత గోడ అవతల గునపం చప్పుడు వినిపించిందట. ఖీర్ గిన్నె మర్నాడు అరిసెలతో తిరిగి వచ్చింది.

ప్రియ సోదరీ సోదరులారా! పూలనూ వాటి మీద వాలే జీవులనూ పరిశీలించడం పెద్ద చదువులు చదివినవారి పని మాత్రమే అనుకోకండి. శాస్త్రజ్ఞులు అడవుల్లోకీ పొలాల్లోకీ వెళ్లగలరు గానీ, మన ఇళ్ల లోపలి పెరళ్లలోకి రాలేరు. ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో జెన్నిఫర్ ఓవెన్ అనే జీవశాస్త్రవేత్త 1972 నుంచి 2001 వరకు తన ఇంటి తోటనే పరిశీలించారు. మామూలు ఇళ్ల వరుసలోని మామూలు తోట అది. 30 ఏళ్లలో ఆమె అక్కడ నమోదు చేసిన జీవజాతులు 2,673. వాటిలో 1,997 కీటకాలే. రోజూ చూసే చోటులో ఎంత దాగి ఉంటుందో ఆమె లోకానికి చూపారు. పెరటి తలుపు తీసే చేయి మన ఇళ్లలో ఎక్కువగా మన తల్లులదీ ఆడపడుచులదీ. ఏ పాదుకు ఎప్పుడు పూత వచ్చిందో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఆ తెలివిడిని ఒక నోటుబుక్కులోకి ఎక్కించడమే మిగిలిన పని.

ఒక్కొక్క పువ్వుకు ఒక్కొక్క వేళ ఉన్నదని గుర్తుంచుకోండి. గుమ్మడిపువ్వు తెల్లవారకముందే విచ్చి, పొద్దెక్కేసరికి ముడుచుకొంటుంది. దానిని చూడాలంటే ఫజ్ర్ తరువాతనే చూడాలి. బీరపువ్వు సాయంకాలం విచ్చుకొంటుంది. ఆనప, పొట్ల పూలు చీకటిపడే వేళకు తెల్లగా తెరుచుకొని, రాత్రి తిరిగే చిమ్మటల కోసం ఎదురుచూస్తాయి. పగలు చూసి "దీనికి ఎవరూ రావడం లేదు" అనుకొంటే అది మన చూపులోని లోపమే. పాదులో ఆడపువ్వును గుర్తుపట్టడం పిల్లలకు నేర్పండి. దాని కింద చిన్న పిందె ఆకారం ఉంటుంది. ఆ పిందె పెరగకుండా పసుపుబారి రాలిపోతుంటే, ఆ పువ్వుకు పుప్పొడి అందలేదేమోనని మొదట అనుమానించండి. మగపువ్వును కోసి, దాని కేసరాన్ని ఆడపువ్వు మధ్యలో తాకిస్తే చాలావరకు కాయ నిలుస్తుంది. కానీ చేతితో చేయవలసిన అవసరం ఎందుకు వచ్చిందో కూడా ఆలోచించండి.

పెరట్లో ఒక మూల మట్టిని మట్టిగానే వదిలేయండి. ఎండిన వెదురు బొంగులు రెండు చూరు కింద కట్టి ఉంచితే తుమ్మెద దూలం జోలికి రావడం తగ్గవచ్చు. పూత మీద పురుగుమందు చల్లకండి. తప్పనిసరి అయితే కీటకాలు తిరగని వేళ చూసి, పూలకు తగలకుండా చల్లండి. అన్నింటికంటే ముందు, ఒక చెట్టును కొట్టించబోయే ముందు, కొట్టించమని పొరుగువారిని అడిగే ముందు, దాని మీదికి ఎవరు వస్తున్నారో పది రోజులు చూడండి. పెరటి గోడ మన స్థలానికి హద్దు. పువ్వుకు గానీ, తుమ్మెదకు గానీ, పొరుగు హక్కుకు గానీ అది హద్దు కాదు.

మొన్న ఆపా ఫోను చేసింది. పిన్నిగారి పెరట్లో కొమ్మకు చిగుళ్లు వచ్చాయట. అది పూయడానికి ఇంకా సమయం ఉన్నది. వరండా దూలంలో తుమ్మెదలు అలాగే ఉన్నాయి. ఎర్రదారం కట్టిన కాయలను మాత్రం ఆపా కూరకు కోయలేదు. ముదిరే దాకా చెట్టుకే ఉంచి, ఎండాక కోసి, గింజలు దాచిపెట్టింది. వాటిలో సగం గోడ అవతలికి పంపిందట, ఈసారి గోడ మీదుగానే.